కోట గుమ్మానికి అందని పసుపు

రక్షిత కట్టడమైన కోట గుమ్మాన్ని జనం పసుపు పూసి పాడుచేస్తున్నారని అధికారులకు ఘాటైన ఫిర్యాదు రాసుకుని, విజయనగరంలో భోగాపురం బస్సెక్కాను. పక్కన కూర్చున్న మత్స్యకార స్త్రీ కుడి గుప్పిట విప్పనేలేదు. టిక్కెట్టు కూడా ఎడమచేత్తోనే అందుకుంది.

"చేతికి దెబ్బ తగిలిందా అమ్మా?"

"పసుపు బాబూ. మా గుంటడు రేపు మొదట్సారి సముద్రం మీదికి ఏటకెల్తన్నాడు. మా అత్త కాలం నుంచీ కోట గుమ్మానికి రాసే పంపుతాం. ఇయాల కాపలావోడు రానిచ్చాడు కాదు. గోడ పాడైపోతాదట! గోడకేటవుతాది? నా గుంటడు తిరిగి రావాల గదా."

బస్సు కోట పక్కన మలుపు తిరిగింది. నేను లేచి ఆమెకు కిటికీ పక్క చోటిచ్చాను. కోటను చూస్తూ ఆమె ఆ పసుపును కిటికీ ఊచకు రాసి దణ్ణం పెట్టింది.

ఎక్కడ చిన్న మరక పడినా సహించని నేను, ఆ పసుపు కండక్టరు కంటపడకుండా అడ్డంగా కూర్చున్నాను. ఆ ఫిర్యాదు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.