గొంతు పోయిన ల్యాప్‌టాప్

జీనత్‌కి తొందరెక్కువ. పాలు పొంగేలోపే దించేస్తుంది, బస్సు పూర్తిగా ఆగకముందే మెట్టు మీద కాలు పెడుతుంది. చూపు లేని పిల్లకి ఇంత తొందరేమిటని జగ్గయ్యపేటలో వాళ్ళ వీధి వీధంతా నోళ్ళు నొక్కుకుంటుంది. చూపున్నవాళ్ళు నిదానంగా నడిచి ఏం సాధించారో మాత్రం ఎవరూ చెప్పరు.

పదో తరగతిలో మసకలతో మొదలై, డిగ్రీ చేతికొచ్చేసరికి ఆమెకి చూపు పూర్తిగా పోయింది. తండ్రి జాన్‌బాషా పరుపులు కుట్టేవాడు. ఆయన పోయాక తల్లి మౌలాబీ ఒక్కతే పరుపులు ఎత్తలేక దిండ్లు కుట్టడం మొదలుపెట్టింది. ముందుగదిలో ఒక మూల ఆమె దూది, ఇంకో మూల కూతురి బల్ల. జీనత్ చరిత్రలో ఎం.ఏ. చేసి, నందిగామలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో తాత్కాలికంగా పాఠాలు చెబుతోంది.

ఆ పాఠాలన్నీ ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. అందులో లైనక్స్ వేసుకుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు, పైగా తెర మీదున్నదంతా తెలుగులో పైకి చదివే ప్రోగ్రాము దాంతోపాటే వస్తుంది. అక్షరం కొడితే అక్షరం పలుకుతుంది, మాట పూర్తయితే మాటంతా పలుకుతుంది, వాక్యం చివర చుక్క పెడితే ‘డాట్’ అంటుంది. రేకు డబ్బాలో కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది ఆ గొంతు. కొత్తగా వచ్చినవాళ్ళు విని నవ్వుతారు. జీనత్‌కి అదే పుస్తకం, అదే కలం.

కాలేజీలో చరిత్ర లెక్చరర్ పోస్టు ఖాళీ అయింది. పర్మినెంటు పోస్టు. ప్రిన్సిపాల్ గ్రేసీ మేడమ్ ముందు మంగళవారం డెమో క్లాసు చెప్పాలి. బాగా చెప్తే ఉద్యోగం, లేకపోతే వచ్చే ఏడాది ఆ తాత్కాలికం కూడా అనుమానమే. తమ ఊరి దిబ్బ మీదున్న బౌద్ధ స్తూపం గురించి చెబుదామని వారమంతా కూర్చుని పాఠం రాసింది జీనత్. పొద్దున్నే ఒకసారి మొత్తం విని, తప్పులు దిద్ది, ఫోన్లోకి ఎక్కించుకుని బస్సెక్కాలని ఆమె లెక్క.

బుద్ధున్నవాళ్ళు అలాంటి రోజు ముందర దేన్నీ కెలకరు. సోమవారం సాయంత్రం కొత్త కెర్నెల్ వచ్చిందని, వేసుకోమని ల్యాప్‌టాప్ అడిగింది. కెర్నెల్ అంటే లోపలి మేస్త్రీ లాంటిది. స్పీకరుతో, కీబోర్డుతో, తెరతో పని చేయించేది అదే. మేస్త్రీ మారితే ఒక్కోసారి పాత కూలీలు కొందరు వాడికి తెలియరు. ‘ముఖ్యమైన పని పెట్టుకుని కెర్నెల్ జోలికి పోకమ్మా’ అని వేదవ్యాస్ ఎన్నోసార్లు చెప్పాడు. నందిగామలో బ్యాంకు ఉద్యోగి ఆయన. ఆయనకీ చూపు లేదు, లైనక్స్ నేర్పిన గురువు ఆయనే. జీనత్ వింటేగా! అడిగిందే తడవుగా సరేనని నొక్కేసింది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

తెల్లారి ల్యాప్‌టాప్ ఆన్ చేసింది. ఫ్యాను తిరిగిన చప్పుడు వినిపించింది. పాస్‌వర్డ్ కొట్టింది. గొంతు రాలేదు. ఆపి మళ్ళీ పెట్టింది. అదే ఫ్యాను, అదే నిశ్శబ్దం. చూపు పోయినప్పుడు కూడా ఇంత చీకటనిపించలేదామెకి, ఎందుకంటే అది కొంచెం కొంచెంగా పోయింది. ఇది ఒక్కసారిగా పోయింది.

“అమ్మా! లైటు వెలుగుతోందా?”

“వెలుగుతానే ఉందమ్మాయ్.”

“తెర మీద ఏముంది?”

మౌలాబీ వంగి తెరకేసి చూసింది. “ఏదో ఉందిలే.”

“ఏదో అంటే ఏంటమ్మా? ఛ! నీకు కళ్ళుండి ఏం లాభం?”

మాట జారాక నాలుక కరుచుకుంది గానీ, వెనక్కి తీసుకునే తీరిక లేదు. వేదవ్యాస్‌కి ఫోన్ చేసింది.

“వేసేసావా తల్లీ? నీకు చెప్పానా లేదా?” అన్నాడాయన. “సరే, ముందు పాఠం తెరిచి ఓ వాక్యం కొట్టు. అక్షరాలు పడుతున్నాయో లేదో మీ అమ్మగారిని చూసి చెప్పమను.”

“మా అమ్మకి అక్షరం ముక్క రాదండి.”

“చదవక్కర్లేదమ్మా, పడుతున్నాయో లేదో చెప్తే చాలు.”

జీనత్ వేళ్ళ అలవాటు మీదే పాఠం తెరిచింది. ఉక్రోషంలో వేళ్ళకి ఏం తోస్తే అది కొట్టింది. పక్కకొచ్చి నిలబడ్డ మౌలాబీ “పడతన్నాయి” అని తన దూది మూలకి వెళ్ళిపోయింది.

“అయితే ప్రాణం ఉంది, గొంతే పోయింది” అన్నాడు వేదవ్యాస్. “పాత కెర్నెల్ లోపలే ఉంటుంది, సాయంత్రం తీరిగ్గా దాన్ని ఎక్కిద్దాం. ఇప్పటికి ఓ పని చెయ్. యూఎస్‌బీ ఇయర్‌ఫోన్లు కొన్నావు చూడు, అవి పెట్టు. వాటి సౌండ్ సంగతి అవే చూసుకుంటాయి, స్పీకరుతో పన్లేదు.”

జీనత్‌కి ఏడుపొచ్చింది. “అవి పోయాయండి. ఒకటి కాదు, మూడు కొన్నా. మూడూ పోయాయి. ఈ ఇంట్లో ఇయర్‌ఫోన్లు నిలవ్వు.”

అది నిజమే. ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడే ఉంటే తప్ప రోజు గడవని మనిషి ఆమె. దువ్వెన దగ్గర్నుంచి తాళంచెవి దాకా చెయ్యి చాస్తే దొరకాలి. అలాంటి ఇంట్లో ఇయర్‌ఫోన్లు మాత్రమే మాయమయ్యేవి. ఎలుకలెత్తుకెళ్ళాయనుకుంది, పక్కింటి పిల్లలనుకుంది, చివరికి తన మతిమరుపనుకుని సరిపెట్టుకుంది.

ఫోన్ పెట్టేసేసరికి గదిలో చప్పుడైంది. కత్తెర చప్పుడు. దారం తెగుతున్న చప్పుడు. ఆ తర్వాత దూది పీకుతున్న మెత్తటి చప్పుడు.

“ఏం చేస్తున్నావమ్మా?”

మౌలాబీ వచ్చి కూతురి చేతిలో ఏదో పెట్టింది. సన్నటి వైరు. దాని కొనకి దూది పీచులు. వెనకే ఇంకొకటి, ఇంకొకటి.

జీనత్ మూడింటినీ తడిమి చూసింది. “ఎక్కడియ్యి?”

“నా దిండులో.”

“నువ్వా? నువ్వు దాచావా? ఎందుకమ్మా!”

“నువ్వవి చెవుల్లో పెట్టుకుంటే నాకు ఇనపడదు గదా” అంది మౌలాబీ, గొంతు బాగా తగ్గించి.

“నీకెందుకు వినపడాలి? దిండ్లు కుట్టుకునేదానికి నీకు శాతవాహనులతో పనేంటి?”

మౌలాబీ బల్ల దగ్గరికి జరిగింది. తెర ముందు వంగింది. తర్వాత వచ్చిన మాటలు విని, తల్లి చేత మిషనే పలికిస్తోందేమో అనుకుంది జీనత్. అదే ఆగుడు, అదే సాగదీత, మాటకీ మాటకీ మధ్య అదే ఖాళీ.

“మా... అమ్మకు... కళ్ళున్నాయి... గానీ... చదువు... లేదు... డాట్.”

ఇందాక ఉక్రోషంలో తన వేళ్ళు కొట్టిన వాక్యం అది.

జీనత్ చేతిలోంచి వైర్లు జారి కింద పడ్డాయి.

“నీకు... చదవడం...”

“నువ్వు కొడతావు, అది పలుకుద్ది, అక్కడ అక్షరం పడుద్ది. కుట్టుకుంటా చూసేదాన్ని. మొదట ‘అ’ ఒకటి గుర్తుపట్టా. తర్వాత ‘మ’. అట్టా అట్టా వచ్చింది. చెప్తే నవ్వుతావని చెప్పలా. ఇవి చెవుల్లో పెట్టావంటే నా బడి మూసేసినట్టే. అందుకని...” మౌలాబీ ఆగి, భయంభయంగా అడిగింది. “డాట్ కూడా చదవాలిగా? అదెప్పుడూ వదిలిపెట్టదు.”

జీనత్ నవ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నేళ్ళుగా ఒకే గదిలో తాను బడి నడిపింది, ఆ బడిలో ఉన్న ఒక్క విద్యార్థి ఎవరో తనకే తెలియదు. పైగా ఈ పొద్దున ఆ విద్యార్థిని ఎంత మాటంది! తడుముకుంటూ తల్లి చెయ్యి పట్టుకుంది. సూది పోట్లతో గట్టిపడ్డ వేళ్ళు.

“అమ్మా, బస్సుకి ఇంకా టైముంది” అంది. “పాఠం మొదటి నుంచి చదువు.”

“అయి పెట్టుకుని ఇంటే తొందరగా అయిపోద్దిగా?”

“ఆలస్యమైతే అవనీ. నువ్వు చదువు.”

మౌలాబీ చదివింది. ‘ఇక్ష్వాకులు’ దగ్గర మిషను ఎప్పుడూ తడబడినట్టే తడబడింది. చుక్క వచ్చిన ప్రతిచోటా డాట్ అంది. జీనత్ జడ వేసుకోవడం మర్చిపోయి వింది. అంత తొందర మనిషి, ఒక్క మాటైనా తొందరపెట్టలేదు. చివరికి ఆ బస్సు కాస్తా వెళ్ళిపోయింది, జడ ఏదోలా అల్లుకుంటూ తర్వాతి బస్సుకి పరిగెత్తాల్సి వచ్చింది. దారంతా, చిల్లకల్లు దాటాక కూడా, ఆమె చెవుల్లో తల్లి గొంతే.

క్లాసులో సగం ఊడిన జడతోనే నిలబడింది. మాటలు మాత్రం ఎక్కడా ఊడలేదు. పోస్టు నీదేనని గ్రేసీ మేడమ్ అక్కడే చెప్పేసింది. ఇంటికొచ్చి చెబితే మౌలాబీ సంతోషించింది గానీ, ఆమె మనసంతా నేల మీద పడున్న వైర్ల మీదే ఉంది. ఉద్యోగం వచ్చిన అమ్మాయి ఇక దర్జాగా చెవుల్లో పెట్టుకుని పని చేసుకుంటుందని ఆమె భయం.

సాయంత్రం వేదవ్యాస్ ఫోన్లో చెబుతుంటే, తెర మీది కెర్నెళ్ళ జాబితాలో తెల్ల పట్టీ ఏ వరస మీదుందో మౌలాబీ చూసి చెబుతుంటే, జీనత్ పాత కెర్నెల్‌ని మళ్ళీ పైకి తెచ్చింది. రేకు డబ్బా గొంతు గదంతా మోగింది. జీనత్ వైర్లు మూడూ ఏరి చుట్టగా చుట్టి, కుట్టు విప్పిన దిండు మీద పెట్టి తల్లి ఒళ్ళోకి తోసింది.

“కుట్టేయమ్మా.”

“లోపల పెట్టా?”

“లోపల పెట్టే కుట్టు.”

తర్వాత బల్ల ముందు కూర్చుని, జన్మలో ఎన్నడూ లేనంత నిదానంగా ఒక్కో అక్షరం కొట్టింది. కొట్టిందే గానీ, వాక్యం చివర వేలు ఆగిపోయింది. పొద్దున అన్న మాట గుర్తొచ్చి చుక్క పెట్టలేకపోయింది.

వెనక నుంచి మౌలాబీ, సూదిలోకి దారం ఎక్కిస్తూనే, మిషనంత గట్టిగా చదివేసింది. “తప్పు... నాదే... అమ్మా.” కాసేపు చూసి, “డాట్ పెట్టవే” అంది.