రెండు రొట్టెల రిజిస్టరు

చెన్నబసప్ప మధ్యాహ్నం పూట మురుగుగుంట గట్టు మీద కూర్చుంటే తప్ప తిండి ముట్టడు. జహీరాబాద్‌లో వేరే చోటు లేక కాదు. హైవే పొడుగునా లారీలవాళ్ళ హోటళ్ళున్నాయి, చెట్ల నీడలున్నాయి. ఆయనకు మాత్రం గట్టే కావాలి.

ఎనభై మూడులో నేను మా క్వార్టర్ల కాలనీ ఆఫీసులో గుమాస్తాను. రెండువందల ఇళ్ళ మురుగు ఊరి బయట రెండు గుంటల్లోకి చేరేది. మొదటి గుంటలో బురద దిగి, రెండో గుంటలో ఎండకు బాగుపడ్డాక తూము ఎత్తి చెరువులోకి వదలాలి. ఆ తూముకు కాపలా చెన్నబసప్ప. నీళ్ళ పరిస్థితి రోజూ రిజిస్టరులో రాయాలి. పరీక్షించడానికి సామాను ఏదీ ఇవ్వలేదు గానీ, రిజిస్టర్లు మాత్రం మూడు ఇచ్చారు.

ఒకరోజు ఆయన రాసే రిజిస్టరు తెరిచి కళ్ళు నులుముకున్నాను. "సోమవారం: రెండు రొట్టెలు. మంగళవారం: ఒకటిన్నర. బుధవారం: ఉల్లిగడ్డ ఒక్కటే."

"ఇదేంది కాకా?"

"నీళ్ల సంగతే, అమర్నాథ్ సారూ. కంపు లేకుంటే రెండు జొన్నరొట్టెలు దిగుతయ్. రెండు దిగిన్నాడే తూము ఎత్తుత."

"దిగకుంటే ఇంటికి పోయి తినరాదూ?"

"ఇంట్ల మా ఆడామె సుగుణమ్మ ఎదురుంగ కూసుంటది. భయానికే దిగుతయ్. గది పరీక్ష గాదు."

ఎవరు పలకరించినా "రా, జర తిను" అని పక్కన చోటు చూపేవాడు. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్ళు దూరం నుంచే దాన్ని ఊపి చూపించి వెళ్ళిపోయేవారు.

మొదటి గుంటలో బురద తీయించమని రెండేళ్ళుగా పైఆఫీసుకు రాస్తున్నాం. చివరికి జవాబు వచ్చింది: "వాసన ఏ పరిమాణంలో ఉన్నదో తెలుపవలెను." చెన్నబసప్ప చెప్పినట్టే టైపు చేశాను: "రోజుకు ఒకటిన్నర రొట్టె." ఆ ఫైలు మళ్ళీ కనిపించలేదు.

అల్లం తవ్వే రోజులొచ్చాయి. చెన్నబసప్ప తొమ్మిది రోజులు వరసగా "తినలే" అని రాసి, తూము ఎత్తలేదు. గుంటలు నిండి, మురుగు వెనక్కి తన్ని, మా ఆఫీసు సూపరింటెండెంటు గారి స్నానాలగదిలో తేలింది. ఆయన తడికాళ్ళతోనే ఆఫీసుకొచ్చి, "రేపు ఇంజనీరు వస్తడు. అప్పటికి తూము ఎత్తకుంటే నౌకరీ ఉండదని చెప్పు" అని నన్ను పంపాడు.

చెప్పాను. చెన్నబసప్ప తాపీగా డబ్బా మూశాడు.

"పోతే పోనీ సారూ. తినకుండ తిన్ననని ఎట్ల రాస్త?"

నాకు ఒళ్ళు మండింది. రొట్టె దిగలేదని కొలువు వదులుకునే మనిషిని అప్పుడే చూడటం.

మర్నాడు ఇంజనీరు మన్సూర్ సాబ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రిజిస్టరు తిప్పాడు.

"క్యా హై యే? తొమ్మిది దినాలు తినలేదా? ఉపాసమా?"

చెన్నబసప్ప తల దించుకున్నాడు. అప్పుడే చెరువు వైపు నుంచి తారాబాయి ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది. చెరువులో మోకాలి లోతున నిలబడి అల్లం కడిగే కూలీల్లో ఆమె ఒకతె.

"డబ్బ తీస్కో కాకా."

"ఆయన డబ్బా నీ దగ్గరెందుకుందమ్మా?" అన్నాడు సాబ్.

"తినలేని రోజు రొట్టెలు మాకే తెచ్చిస్తడు సాబ్. నిరుడు ఆఫీసోళ్లు జబర్దస్తీగ తూము ఎత్తిపిచ్చిన్రు. మా పదిమంది కాళ్లు దద్దులు లేసి పుండ్లయినయ్. పదిహేను దినాలు కూలి లేదు. 'పక్కన కూసోని నేను తినలేని నీళ్లల్ల మిమ్మల్ని నిలవెట్ట' అన్నడు కాక. గప్పటి సంది గిదే పరీక్ష."

నిరుటి ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. సిగ్గుతో గుంటవైపు చూస్తూ నిలబడ్డాను.

సాబ్ జీపులోంచి తన డబ్బా తెప్పించుకుని గట్టు మీద కూర్చున్నాడు. పులావు నోటిదాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ ప్రయత్నించాడు. డబ్బా మూసి, రిజిస్టరు అందుకుని, చెన్నబసప్ప రాత కింద తానే రాశాడు: "నేనూ తినలేకపోయాను. మన్సూర్."

మూడో రోజుకు బురద ఎత్తే లారీలు వచ్చాయి. వాసన పరిమాణం ఎవరూ అడగలేదు. పని పూర్తయ్యేదాకా సూపరింటెండెంటు గారు మా ఇంట్లో స్నానం చేశారు.

నెల తిరిగాక రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చింది. చివరి పేజీలో ఇలా ఉంది: "రెండు రొట్టెలు, తారాబాయి తెచ్చిన అల్లం పచ్చడితోని. తూము ఎత్తిన. అమర్నాథ్ సారు గూడ తిన్నడు. ఆయన మూడు."