నేను బొట్టు పెట్టిన మోటరు

మొన్న దసరాకు నేను చేసిన ఘనకార్యం మీ దాకా రాలేదంటే, మీరు ఈ మధ్య నారాయణఖేడ్ అంగడికి పోలేదన్న మాట. అక్కడ బెల్లం కొనబోయినా, మిరపకాయలు కొనబోయినా ముందు ఆ కథే చెప్తున్నారట. వాళ్ల మాటలు నమ్మకండి, చిలవలు పలవలు చేర్చారు. అసలు సంగతి నేను చెప్తాను.

ఇప్పుడే చెప్పాలి కూడా. ఈ మధ్య నాకు మతిమరుపు భయం పట్టుకుంది. తాళంచెవి కొంగుకు కట్టుకునే ఇల్లంతా వెదుకుతాను. పొయ్యి మీద పాలు పెట్టి పుస్తకం తెరిస్తే, పాలు పొంగిన సంగతి పక్కింటివాళ్లు వచ్చి చెప్పాలి. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. కూడబలుక్కుని, కూడబలుక్కుని నాకు నేనే చదువు నేర్చుకున్నాను. అంత కష్టపడి తలలో వేసుకున్న అక్షరాలు ఒక్కొక్కటే జారిపోతే ఎట్లా? అందుకని పొద్దున లేవగానే అ ఆల నుంచి ఒకసారి అన్నీ చదువుకుంటాను. చివరిదాకా వస్తే, ఆ పూటకు బతికిపోయినట్టు!

ఇక మోటరు సంగతి.

మా ఇంటాయనకు మోటరంటే పిచ్చి. జర్మనీ లడాయికి ముందు పట్నం పోయి పాత మోటరొకటి కొనుక్కొచ్చాడు. ఖేడ్ దాటి మనూరు తొవ్వ పట్టగానే వచ్చే ఊరు మాది. ఆ ఊళ్లో అదే మొదటి మోటరు. కొన్నేండ్లు దర్జాగానే తిరిగాం. తర్వాత లడాయి వచ్చింది. పెట్రోలు దొరకదు. టైరు పగిలితే ఇంకో టైరు లేదు. పైగా మా నల్లరేగడిలో వానకాలం ఎడ్లబండికే దిక్కులేదు, మోటరెక్కడ నడుస్తుంది?

అప్పుడు బీమా కంపెనీ వాళ్లు ఒక ఉపాయం చెప్పారట. మోటరు రోడ్డెక్కకుండా, తాళం వేసిన పక్కా కప్పు కింద కదలకుండా ఉంటే, అది కూర్చున్నన్నాళ్లకు మనం కట్టే బీమా సొమ్ము తగ్గిస్తారట. దసరా పోయాక వాళ్ల మనిషి వచ్చి కళ్లారా చూసుకుంటాడట. మా ఆయన సంబరం చూడాలి!

"తిరిగితె ఖర్చు, ఊకె కూసుంటె లాభం! గిసొంటి నౌకరి నాకెవ్వలు ఇయ్యలే గదనే!"

మోటరును ఖేడ్‌లో వీరన్న షెడ్డులో పెట్టించాడు. పనిలేదని డ్రైవరును కూడా మాన్పించాడు.

వీరన్న కమ్మరి. కొలిమి పక్కనే రేకుల షెడ్డు వేసి మోటరు మిస్త్రీ అయ్యాడు. చేయి మంచిదే గానీ, లడాయి వచ్చినప్పటి నుంచి ఆయన షెడ్డుకు వచ్చిన మోటరు తిరిగి పోయిన పాపాన పోలేదు. బాగుచేయమని దించినవాళ్లు, పెట్రోలు లేని మోటరు మనకెందుకని అటే పోయారు. వీరన్నకు కొలిమి దగ్గర కాలు పెట్టే జాగా లేకుండా పోయింది. ఒక్కొక్కరికి కబురు పంపాడు, బతిమాలాడు. ఎవరూ పలకలేదు. చివరకు అంగడి నాడు డప్పు కొట్టించి చాటింపు వేయించాడు.

"దసరా నాడు వీరన్న షెడ్డుల ఆయుధ పూజ! ఎవల మోటరుకు వాళ్లు అచ్చి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాలె! బొట్టు పడ్డ మోటరు మీది! బొట్టు లేని మోటరు తెల్లారి పాత ఇనుము కొనే బీదరు ఇనుపోనిది!"

మా ఆయన నవ్వాడు. "మంచి తెలివే! నేనే పోయి పెట్టొస్త" అన్నాడు. తీరా దసరా వచ్చేసరికి చలిజ్వరం. గొంగడి మీద గొంగడి కప్పినా మంచం గడగడ వణుకుతుంది. ఇంట్లో మేమిద్దరం, జీతగాడు సాయిలు, పనిమనిషి, అంతే. బిడ్డలు అత్తగారిండ్లలో ఉన్నారు. జీతగాడు బొట్టు పెడితే చెల్లదు, ఇంటివాళ్లే పెట్టాలి.

"నేను పోయొస్త" అన్నాను.

"నువ్వా? ఏది మనదో ఎర్కవడుతదా నీకు?"

అంతే! నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "ఇన్నేండ్ల సంది ఎక్కి తిరిగిన మోటరు నాకు తెల్వదా? గంత మతిలేనిదాన్ననుకున్నవా?"

"గది గాదే, దాని రంగు..."

"సప్పుడు జెయ్యక పండుకో!"

ఆ ఒక్క మాట పూర్తిగా చెప్పనిచ్చి ఉంటే ఈ కథే లేదు.

సవారి కచ్చడంలో బయల్దేరాను. మా ఇండ్లలో ఆడవాళ్లు ఎడ్లబండికి చుట్టూ తెర కట్టుకుని పోతారు గదా, అదే. కొంత దూరం పోయాక నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఇంతకూ మా మోటరు ఏ రంగు?

గుర్తు రాలేదు! ఎంత గుంజినా రాలేదు. సీటు ఎక్కడ గుంటపడిందో తెలుసు. ఏ గుంతలో పడితే తల ఎక్కడ తగులుతుందో తెలుసు. రంగు మాత్రం రాదు. ముందర దీపాలు ఎట్లా ఉంటాయి? ఏమో! అయిపోయింది, మొదలైంది! మొదట మోటరు పోయింది. రేపు అక్షరాలు పోతాయి. ఆ తర్వాత ఇంటాయన పేరు పోతుంది. అది ఎట్లాగూ నోటితో పలకను కాబట్టి పోయినా ఎవరికీ తెలియదు. అదొక్కటే ధైర్యం.

ముందర సాయిలు ఎడ్లను అదిలిస్తున్నాడు. వాణ్ని అడిగితే టక్కున చెప్తాడు. కానీ ఎట్లా అడిగేది? పొద్దుగూకే లోపల ఊరంతా 'పటేలమ్మకు మతి పోయింది' అంటారు. నోరు మూసుకుని కూర్చున్నాను.

షెడ్డు ముందర జనం బాగానే ఉన్నారు. మా బండి ఆగగానే, వాడుక ప్రకారం మగవాళ్లందరూ అటు తిరిగారు. వీరన్న కూడా గోడ దిక్కు తిరిగి దండం పెట్టాడు. గోడకే పెట్టాడనుకోండి. వీరన్న భార్య రాజమ్మ, సాయిలు చెరో దిక్కు దుప్పటి పట్టి నన్ను లోపలికి పంపారు. సాయిలు ఎడ్లకు నీళ్లు తాపడానికి పోయాడు. రాజమ్మ పళ్లెం పట్టుకుని నిలబడ్డది.

"ఏదమ్మా మీది?"

"ఆగవే, తెలుసు నాకు" అన్నాను.

వరుసగా మోటర్లు. అన్నిటి మీదా జానెడు దుమ్ము. కిటికీల పరదాలు చూసి పోల్చుకుందామనుకున్నాను. వాటిని నా చేతులతోనే కుట్టాను మరి. అప్పుడు గుర్తొచ్చింది, మోటరును షెడ్డుకు పంపేటప్పుడు ఎలుకలు కొడతాయని వాటిని సాయిలుతో విప్పించి సందుగలో దాచాను.

సరే, లోపల కూర్చుంటే తెలుస్తుంది గదా అని ఒకదాంట్లో ఎక్కాను. సీటులోంచి ఇనుపచుట్ట పొడిచింది. దిగాను. ఇంకోదాంట్లో కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుంది, అది నన్ను ఎక్కనియ్యలేదు. ఆ పక్కన పచ్చటిదొకటి ఉంది. ఎక్కాను. ఆహా, ఏం సీటు! దూదిపరుపే. తలుపు పక్కన చూస్తే ఎర్రగా పాన్ మరక! మా ఆయన పాన్ లేకుండా పొలిమేర దాటడు. ఇంకేం సాక్ష్యం కావాలి? మా తాలూకాలో పాన్ తినని పటేలు ఎవరున్నారని ఆ నిమిషాన తోచలేదు.

"గిదే! పళ్లెం తే" అన్నాను.

పసుపు పూశాను. కుంకుమ పెట్టాను. బంతిపూల దండ వేశాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది. మనసు తేలికపడింది.

"అయిందా అమ్మా?" అన్నాడు వీరన్న గోడతో.

"అయింది."

"ఒక్కదానికేనా? ఇంకేమన్న ఉన్నదా?"

"మాకెన్ని మోటర్లుంటయి వీరన్నా! ఒక్కటే" అన్నాను, ఠీవిగా.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన గొంగడిలోంచే మెచ్చుకున్నాడు. "నీకు మతిమరుపని ఎవలన్నరే!" ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తెల్లారి వాకిట్లో ఒకటే సప్పుడు. మా ఆయనకు జ్వరం కాస్త దిగి అరుగు మీద కూర్చున్నాడు. చూస్తే వీరన్న, జోడెడ్లు, వాటి వెనక తాళ్లతో పచ్చ మోటరు. బంతిపూల దండ ఇంకా వాడనేలేదు.

"వీరన్నా, గిదెవల్దిరా?"

"మీదే గద పటేలా! జాగ ఖాళీ జెయ్యాలె, అందుకే గుంజుకొచ్చిన."

"మాదేంది? గిది రోడ్డు గుత్తేదారు ఇడిశిపెట్టి పోయింది గదరా!"

"మీరు ఆయన దగ్గర కొన్నరనుకున్న. నిన్న అమ్మనే బొట్టు పెట్టింది."

మా ఆయన నా దిక్కు చూశాడు. నేను నేల దిక్కు చూశాను.

"మరి నాదేది?"

"నల్లదా?" వీరన్న గొంతు సన్నబడింది. "మాకు ఒక్కటే మోటరని అమ్మ అన్నది. గిది కొని అది వద్దనుకున్నరేమో అనుకున్న పటేలా. ఇనుపోడు పొద్దుగాల్నే అచ్చిండు..."

చలిజ్వరానికి ఇంతకంటే మంచి మందు ఏ దవాఖానలోనూ లేదు. మా ఆయన గొంగడితోనే బండెక్కాడు. వెనకనే నేనూ ఎక్కాను. తెర కట్టడానికి కూడా ఆగలేదు. "జల్దీ, జల్దీ!" అని ఒకటే కేక. సాయిలు ఎడ్ల తోకలు మెలిపెట్టాడు.

పోయేసరికి మా మోటరు రాళ్ల మీద నిలబడి ఉంది. నాలుగు చక్రాలూ ఇనుపాయన బండిలో ఉన్నాయి. ఆయన సుత్తె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆగు! అది నాది!" అన్నాడు మా ఆయన.

"ఇల్ల ఇల్ల!" అన్నాడు ఆ బీదరు మనిషి, కాదు కాదని కన్నడంలో. "బొట్టేది పటేలా? చాటింపు మీ ఊరిదే. బొట్టు లేనిది నాది."

ఆ మోటరును మా ఆయన పసిపిల్లను తుడిచినట్టు తుడిచేవాడు. నేనింక ఆగలేదు. దుప్పటి లేదు, తెర లేదు, బండిలోంచి దూకి కొలిమి దగ్గరికి ఉరికాను. పూజలో పెట్టిన కుంకుమ ఇంకా సమ్మెట పక్కనే ఉంది. పిడికెడు తీసుకుని మోటరు ముక్కు మీద చరిచాను.

"ఇప్పుడున్నదా బొట్టు?"

"దసరా నిన్ననే పోయింది గదమ్మా!"

"నిన్న బొట్టు పెట్టింది నేనే, ఇయ్యాల పెట్టింది నేనే. మోటరు తప్పు గాని, చెయ్యి తప్పా?"

అదేం న్యాయమో నాకూ తెలియదు. జనం మాత్రం "అమ్మ బొట్టు పెట్టింది, ఇగ చక్రాలు దించు" అని ఆయన మీద పడ్డారు. గొణుక్కుంటూ దించాడు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. "నా మతి పోయిందయ్యా. ఇన్నేండ్లు ఎక్కిన మోటరు రంగు యాదికి లేదు నాకు" అన్నాను.

మా ఆయన నన్ను చూసి, మోటరును చూసి, ఒక్కసారిగా పకపక నవ్వాడు. "మరిచిపోవుడు గాదే పిచ్చిదానా! నువ్వెన్నడు జూసినవు దాన్ని? ఎక్కేటప్పుడు రెండు దిక్కుల దుప్పట్లు, ఎక్కినంక పరదాలు, దిగేటప్పుడు మళ్ల దుప్పట్లు. నీకు రంగెట్ల తెలుస్తది?"

నిజమే గదా! ఎన్నడూ లోపలికి పోనిది బయటికెట్లా వస్తుంది? అక్కడికక్కడే అ ఆలు మొదలుపెట్టి గడగడ చివరిదాకా చదివాను. ఒక్కటీ తప్పలేదు.

ఇనుపాయన చక్రాల మరలన్నీ ఎక్కడో కలిపేశాడు. కొత్తవి చేయడానికి వీరన్నకు కొన్నాళ్లు పట్టింది. ఆ మధ్యలోనే బీమా మనిషి వచ్చాడు. రాళ్ల మీద చక్రాలు లేకుండా నిలబడ్డ మా మోటరు చుట్టూ తిరిగి, "ఇంత కదలకుంట కూసున్న మోటరును నేనెక్కడ చూడలే!" అని తగ్గింపు రాసుకున్నాడు. మా ఇంటికొచ్చి చాయ్ తాగుతూ వాకిట్లో పచ్చదాన్ని చూశాడు. "ఇది గూడ మీదేనా? దీనికి బీమా ఏది?" అన్నాడు. మా ఆయన నా దిక్కు చూశాడు. నేను కొంగు సర్దుకుని లోపలికి పోయాను. బొట్టు పెట్టినదాన్ని ఇనుముకు అమ్మితే అరిష్టం. గుత్తేదారు జాడ లేదు. ఏం చేస్తాం, ఉంది వాకిట్లో.

చక్రాలు బిగించాక మా మోటరు కూడా ఎడ్ల వెనక ఇంటికొచ్చింది. ఒకసారి కూర్చుందామని ఎక్కబోతుంటే రాజమ్మలాగే మా పనిమనిషి దుప్పటి తెచ్చింది. "ఆగవే, ముందు దాన్ని చూడనియ్యి" అన్నాను. ఆ రోజు తొందరలో ముక్కొక్కటే చూశాను గదా. ఇప్పుడు తీరిగ్గా చుట్టూ తిరిగాను. నల్లగా, వానకు తడిసిన బర్రెలాగా ఉంది. ఒక కన్ను మెల్ల. వెనకంతా సొట్టలు. మా ఆయన పక్కనే నిలబడి, కొత్త కోడలిని చూపించినట్టు మురిసిపోతూ, "ఎట్లున్నదే?" అని అడిగాడు.

"మంచిగున్నది" అన్నాను.

మీతో అయితే నిజం చెప్తాను. దసరా నాడు రంగు తెలిసినా, రూపం తెలిసినా, దీపం పెట్టి చూపించినా, నేను ఆ పచ్చదానికే బొట్టు పెట్టి ఉండేదాన్ని.