కట్లపామా, కాదా

మా బాపుకు తూనీగల మీద ఏ ఆసక్తీ లేదు. వాటి ఫోటోల కోసం నేనొక్కదాన్నే వాగు పక్కన గడ్డిలో బోర్లా పడుకుంటానని తెలిసినప్పటి నుంచీ నా వెంట రావడం మొదలుపెట్టాడు. వయసులో ఉన్నప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఇప్పుడు మల్లాపూర్ దగ్గర మా ఊళ్ళో చిన్న సిమెంటు దుకాణం చూసుకుంటున్నాడు. నేను సిరిసిల్లలో బడిపిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. సెలవుకు ఇంటికి వచ్చానంటే మరుసటి పొద్దున కెమెరా సంచి ఆయన భుజాన ఉంటుంది.

ఆ రోజు నేను వెతుకుతున్నది సూదంత సన్నటి తూనీగ. ఒళ్ళు ఎర్రగా, మూసుకున్న రెక్కల మీద అడ్డంగా నల్లటి పట్టీ. వానలు తగ్గిన రోజులు. మంచు ఆరకముందే అయితే అది కదలకుండా కూర్చుంటుందని బాపును చీకట్లోనే లేపి తీసుకొచ్చాను. వాగు ఒడ్డున గడ్డిపోచ మీద అది దొరికింది. ఊపిరి బిగబట్టి నాలుగైదు ఫోటోలు తీశానో లేదో, వెనక "స్స్" అని వినిపించింది.

"ఏమైంది బాపూ?"

"ఏం లేదు. కూసుందామని బండ జరిపిన. చీమ కుట్టినట్టయింది."

తిరిగి చూసేసరికి ఆయన జరిపిన బండ కింది నుంచి నల్లటి ఒళ్ళొకటి జారిపోతోంది. దాని మీద తెల్లటి కట్లు.

"ఫోటో కొట్టు బిడ్డా! జల్ది కొట్టు, పోతంది!" అని అరిచింది ఆయనే.

నా చేతులు వాటంతట అవే కెమెరా ఎత్తి నొక్కాయి. తల అప్పటికే పక్క రాయి కిందికి పోయింది. మరుక్షణం తోక కూడా పోయింది.

ఎడమచేతి చూపుడువేలు మొదట్లో గీసుకుపోయినట్టు ఎర్రగా ఉంది. ఒక్క రక్తపు చుక్క. వాపు లేదు.

"నొప్పి ఉందా?"

"లేదంటున్న గద."

ఉందని అంటే నాకు ధైర్యం వచ్చేది. కట్లపాము కాటు చీమ కుట్టినట్టే ఉంటుందనీ, నొప్పీ వాపూ కనిపించవనీ, కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయనీ, ఆ తర్వాత ఊపిరి అందదనీ తరగతిలో నేనే చెబుతాను. అచ్చం దానిలాగే కట్లు ఉండే విషం లేని పాము ఇంకొకటి ఉందని కూడా చెబుతాను. దానికి కట్లు మెడ దగ్గర వెడల్పుగా మొదలై తోక వైపు మాసిపోతాయి. కట్లపాముకు మెడ దగ్గర ఉండవు, తోక వైపు స్పష్టంగా ఉంటాయి. బోర్డు మీద రెండు బొమ్మలు పక్కపక్కన గీసి చూపిస్తాను. ఆ పొద్దున నేను చూసింది ఆ రెండింట్లో ఏదో నాకే తెలియలేదు.

ఆయన చెయ్యి కదలకుండా నా చున్నీతో మెడకు వేలాడగట్టి, స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని కోరుట్ల ఆసుపత్రి దారి పట్టాను.

"మాట్లాడుతనే ఉండు బాపూ."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నువ్వు మొదటిసారి కల్లుకు తాడెక్కిన ముచ్చట చెప్పు."

చెప్పాడు. నడుముకు మోకు కట్టడం ఎవరు నేర్పారో, ఎంత ఎత్తుకు పోయాక కాళ్ళు వణికాయో. మాట ముద్దగా వస్తుందేమోనని ఒక్కో పదం వింటున్నాను. కథ ఏమిటో నాకు అక్కర్లేదు. దారిలో ఒకచోట మాట ఆగిపోయింది. నేను బండి ఆపేసి వెనక్కి తిరిగాను. ఆయన రోడ్డు పక్కన ఆరబోసిన మక్కజొన్నలు చూస్తున్నాడు.

"ఏంది, ఎందుకు ఆపినవ్?"

"నువ్వు మాట్లాడ్త లేవు."

"ఊపిరన్న తీసుకోనియ్యవా!"

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను.

కోరుట్ల ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఊపిరి మెషిన్ అవసరం పడొచ్చు, జగిత్యాలకు ముందే వెళ్ళడం మంచిదన్నారు. అంబులెన్సులో ఆయన పక్కన కూర్చుని కెమెరా తెరిచాను. చేతికి అందేంత దగ్గరి పురుగుల కోసం పెట్టిన లెన్సు అది. ముందున్న గడ్డిపోచ మీద మంచుబొట్టు కూడా స్పష్టంగా వచ్చింది. వెనక పాము మాత్రం పొగలాగా ఉంది. పెద్దది చేసి చూశాను. తోక వైపు కట్లు మాసిపోతున్నాయి. నిజంగానే మాసిపోతున్నాయా, ఫోటో మసక వల్ల అట్లా కనిపిస్తోందా? ఒకసారి చూస్తే ప్రాణం కుదుటపడేది. మళ్ళీ చూస్తే అదే తోక మీద కట్లు తెల్లగా లేచేవి.

"చూపియ్," అన్నాడు బాపు. చూపించాను. "కట్లపామే," అన్నాడు, దుకాణంలో సరుకు పేరు చెప్పినట్టు.

"నీకేం తెలుసు?"

"నాకేం తెల్వది. నీ ముఖం చూసి చెప్తున్న."

జగిత్యాలలో డాక్టరమ్మ నాకంటే చిన్నది. కెమెరా ఆమె ముందు పెట్టాను. ఒక్క నిమిషం చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఫోటో చూసి నేను ఏం చెప్పలేను మేడం. మనిషిని చూసి చెప్తా. లక్షణం కనపడంగనే మందు ఎక్కిస్తం." ఆయన వైపు తిరిగి, "బాపూ, పైకి చూడు. రెప్ప కొట్టకుండ చూస్తనే ఉండాలె," అంది.

ఆయన సీలింగు వైపు చూశాడు. నేను ఆయన రెప్పల వైపు చూశాను. ఆమె కాసేపటికొకసారి వచ్చి అదే చేయించేది, ఒక్క ఊపిరిలో అంకెలు చదివించేది, తల ఎత్తమనేది. ఆమె వెళ్ళాక నేను మళ్ళీ చేయించేదాన్ని.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. నేను నోరు తెరిచేలోపు ఆయన ఫోన్ లాక్కున్నాడు.

"ఆఁ, గిక్కడనే ఉన్నం. నీ బిడ్డకు ఇంకా ఫోటోలు అయితలేవ్. నువ్వు తిను." పెట్టేసి నాకిచ్చాడు. "ఇప్పుడే చెప్తె ఆమెకు బీపీ లేస్తది. ఇద్దరం మంచాలెక్కుతం."

ఆ తర్వాత కాసేపటికి ఆయన రెప్పలు వాలాయి.

మొదట ఎడమది, తర్వాత కుడిది. పిలిస్తే సగం తెరిచి మళ్ళీ మూశాడు. నేను వరండాలోకి పరుగెత్తి ఏమని అరిచానో నాకు గుర్తులేదు. డాక్టరమ్మ, నర్సు ఇద్దరూ ఉరికి వచ్చారు. ఆమె ఆయన భుజం గట్టిగా తట్టింది.

ఆయన కళ్ళు పెద్దవి చేసి మా ముగ్గురినీ చూశాడు. "చీకట్లనే లేపి తెచ్చింది డాక్టరమ్మా. నిద్రస్తదా, రాదా?"

ఆమె ఆయనతో రెప్పలు గట్టిగా మూయించి, వేళ్ళతో లాగి చూసింది. అంకెలు చదివించింది. పొద్దున చదివినంత దూరమూ చదివాడు. "బానే ఉన్నడు మేడం. మీరు చాయ్ తాగి రాండి," అంది. నేను వెళ్ళలేదు. గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను.

ఆ రోజంతా ఏమీ కాలేదు. సాయంత్రం అమ్మకు నేనే చెప్పాను. ఆఖరి బస్సు దాకా ఆగకుండా ఆమె వచ్చి ఆయన్ని నాలుగు తిట్టి, మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి వదల్లేదు. మర్నాడు ఇంటికి పొమ్మన్నారు. విషం ఎక్కలేదని రాసిచ్చారు. విషం లేని పామే కరిచిందో, కట్లపామే కరిచి విషం వదల్లేదో ఎవరూ చెప్పలేకపోయారు. పాముల గురించి తెలిసిన ఒకాయనకు ఫోటో పంపిస్తే, "ఏదైనా కావచ్చు" అని జవాబు వచ్చింది.

దుకాణంలో బాపు అది కట్లపామేనని చెప్పుకుంటున్నాడు. చెప్పిన ప్రతిసారీ అది కొంత పొడవు పెరుగుతోంది.

నేను చాలా రోజులు కెమెరా ముట్టుకోలేదు. ఈ మధ్య సిరిసిల్లలో మానేరు ఒడ్డుకు ఒక్కదాన్నే వెళ్దామని మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు కొన్నాను. ఎట్లా తెలిసిందో, బాపు మొదటి బస్సుకే దిగాడు.

"ఒక్కదానివే పోతవా?"

"నువ్వొస్తె నేను ఫోటోలు తియ్య. నిన్నే చూసుకుంట కూసుంట."

"చూడు," అని సంచి భుజానికి తగిలించుకున్నాడు.

అన్నట్టే అయింది. నీళ్ళ అంచున పసుపు, నలుపు చారల తూనీగలు గుంపుగా వాలాయి. వాటిలో ఒక్కటీ సరిగ్గా రాలేదు. ఆయన రాయి మీద చెయ్యి వేసినప్పుడల్లా నేను కెమెరా దించి, "బాపూ, చెయ్యి తియ్" అంటూనే ఉన్నాను.