సబ్బుతో తోమిన చేపల గంపలు

మా గాజువాక కాలనీవాళ్లం చందాలు వేసుకుని నడిపే ట్రస్టు ఏటా ఎవరికో ఒకరికి సాయం చేస్తుంది. ఇన్నేళ్లూ అంతా మా చుట్టుపక్కలే. ఈసారి అచ్యుతాపురం అవతల, సముద్రం ఒడ్డునున్న పల్లె నుంచి ఆడవాళ్లు అడిగారు. చేపలు విశాఖలోని పూర్ణా మార్కెట్‌కి చేర్చుకోవడానికి వాళ్లకో ట్రాలీ ఆటో కావాలట, గంపలుంటే బస్సులు ఎక్కించుకోవట. అడిగినవాళ్లతో మాలో ఒకరు ఒక రోజంతా తిరిగి, కళ్లారా చూసింది చెప్పాలి. ఆ మాట మీదే సాయం. ఊరు దాటి వెళ్లే మొదటి అవకాశం నాకే దక్కేసరికి భలే సంబరపడిపోయాను.

పొద్దున్నే గాజువాకలో బస్సెక్కి అచ్యుతాపురంలో దిగాను. అక్కడి నుంచి షేర్ ఆటో. రెండూ కలిపి వంద రూపాయలు కాలేదు. "నూకాలప్ప ఇల్లా? రేవు కాడే దించేత్తాను బాబూ," అన్నాడు డ్రైవర్. అక్కా అన్నట్టు ఊరంతా అప్ప అని పిలిచే నూకాలమ్మ ఆ ఆడవాళ్ల సంఘానికి పెద్ద. వేడి అన్నంలో వంజరం చేప పులుసు పోసి, నేను చాలన్నా వినకుండా మళ్లీ పోసింది. ఆ రుచి కోసమైనా ఆ ఊరు వెళ్లొచ్చు.

తర్వాత, బస్సులు ఎక్కించుకోవడం లేదని నాకు చూపించడానికి ఆడవాళ్లు గంపలెత్తుకోగా, అందరం రోడ్డు మీదకొచ్చాం. బస్సు వచ్చింది, ఆగింది, గంపలతో సహా అందరినీ ఎక్కించుకుంది. కండక్టర్ పల్లెత్తు మాట అనలేదు. చూసింది చూసినట్టు చెబితే వీళ్లకి ఆటో రాదు. గంపలోకి తొంగి చూస్తే ఖాళీ, పైగా సబ్బు వాసన.

"చేపలేవమ్మా?" అన్నాను.

"మీరొత్తన్నారని ఈయేల బేరం మానేసినాం బాబూ. గంపలు సబ్బెట్టి తోమీసినాం. మీ పక్కన నీసు వాసనేటని."

బస్సులో అందరూ చూస్తున్నా నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాతి స్టాపులో దిగి అందరం వెనక్కి నడిచాం. ఆ రాత్రి పల్లెలోనే ఉండిపోయాను.

మర్నాడు అదే చోట, ఈసారి నిండు గంపలతో నిలబడ్డాం. మొదటి బస్సు స్పీడైనా తగ్గించలేదు. రెండోది ఆగింది.

"సార్, మీరెక్కండి. గంపలొద్దు," అన్నాడు కండక్టర్.

"నేనూ వీళ్లతోనే," అన్నాను. బస్సు వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎండెక్కుతోంది. షేర్ ఆటోలవాళ్లూ గంపలొద్దన్నారు. అద్దె వ్యాను దొరికే అచ్యుతాపురం దాకా నడకే గతి. ఒక గంప నేనెత్తుకుంటానంటే నూకాలమ్మ ఒప్పుకోలేదు. "మీకేల బాబూ, నాను మోత్తాను," అంది. బతిమాలి ఎత్తుకున్నాను. చేపల ఐసు నీళ్లు మెడ మీంచి చొక్కాలోకి కారాయి. ఆ సాయంత్రం అదే చొక్కాతో ట్రస్టు మీటింగ్‌కి వెళ్లాను. నేను నోరు తెరవకముందే కిటికీలు తెరిచారు. ఆటో ఇవ్వడానికి ఎక్కువసేపు పట్టలేదు.

మొదటి ట్రిప్పులో గంపల మధ్య కూర్చుని నేనూ పూర్ణా మార్కెట్ దాకా వెళ్లాను. నా జీవితంలో అంత హాయైన ప్రయాణం లేదు. సాయం చేసేవాళ్లకి దారి తెలిస్తే చాలదు, ఆ దారిలో బరువు మోసి చూడాలని నాకు అర్థమైంది. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క సలహా: వస్తున్నామని ముందుగా కబురు చేయకండి. మన మర్యాద కోసం వాళ్లు ఒకరోజు కూడు వదులుకుంటారు.