ఫిద్దా తాగని కాఫీ

సువైలిమ్ ముప్పయ్యేళ్లు నీళ్ల ట్యాంకరు తోలాడు. ట్యాంకరు మూలపడ్డాక కోతలు కొయ్యడం మొదలుపెట్టాడు. వాదీ రమ్ ఎడారి ఇసుకలో, అమ్మాన్ నగరపు బడిపిల్లల కోసం వేసిన శిబిరంలో, గురువారం సాయంత్రాలు నెగడు పక్కన కూర్చుని పూర్వీకుల కథ చెప్పడం ఆయన పని. అమ్మ తండ్రి మిత్‌ఖాల్ ఒంటిచేత్తో దోపిడిగాళ్లను తరిమిన కథ అది. మొదటి ఏడాది దొంగలు ఐదుగురు. 1996 నాటికి పదిహేడుమందయ్యారు. వాళ్ల ఒంటెలు కూడా పళ్లు నూరుతున్నాయి.

ఆ గురువారం రొట్టెలు కాల్చేవాడికి జ్వరమొచ్చి, బదులుగా సువైలిమ్ అక్క ఫిద్దా దిగింది. ఆయన కాక అసలు సంగతి తెలిసినవాళ్లలో ఇంకా బతికున్నది ఆవిడొక్కతే. అది బయటపడితే నెగడు దగ్గర తన చోటు పోయినట్టే.

"నీకు వినపడదుగా అక్కా, అల్లంత దూరంలో కూర్చోరాదూ?"

"నీ కోతలు వినపడనంత చెవుడు ఇంకా రాలేదులేరా," అంటూ ఆవిడ పిండిముద్దను వేడి బూడిదలో కప్పెట్టింది.

ఇసుకలో పాతిపెట్టి ఉడికించిన మేకమాంసం పైకి తీశారు. పిల్లలు వేళ్లు కాల్చుకుంటూ తింటుంటే సువైలిమ్ కథ అందుకున్నాడు. పదకొండో దొంగ నేలకూలాక, మర్యాదకు అక్కకు కాఫీ పోసి ఇచ్చాడు.

ఫిద్దా తాగలేదు. కప్పును ఇసుకమీద పెట్టేసింది.

శిబిరంలోని పెద్దవాళ్లంతా కప్పువైపు తిరిగారు. ఆ ఎడారి ఆచారంలో, అలా కప్పు కింద పెట్టిన మనిషికి ఒక కోరికుంటుంది. తీరుస్తానని మాటిచ్చేదాకా తాగరు. తాగకుండా లేచిపోతే, పోసినవాడికి ఇక ఏ గుడారంలోనూ తల ఎత్తే దారుండదు.

"తాగక్కా. నీ మాట చెల్లుతుంది," అన్నాడు సువైలిమ్ నీరసంగా. "ఏం కావాలి?"

"అమ్మమ్మ పేరొక్కసారైనా ఎత్తావట్రా? జరిగింది జరిగినట్టు చెప్పు."

చెప్పక చస్తాడా! దొంగలు ముగ్గురే. దుమ్ము కనపడగానే మిత్‌ఖాల్ గుడారంలో ఆడవాళ్ల వైపుకి పరిగెత్తి బొంతల కింద దూరాడు. అమ్మమ్మ షమ్మా మాత్రం బూడిదలోంచి రొట్టె తీసి, దులిపి, ఉప్పుతో సహా వాళ్ల ముందు పెట్టింది. ఆకలిమీద తినేశారు వెధవలు. ఉప్పు తిన్న ఇంటిని ఎలా దోస్తారు? చేతులు కడుక్కుని పోయారు.

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. సువైలిమ్ తలపాగా ముఖంమీదికి లాక్కున్నాడు.

"మళ్లీ వచ్చారా?" అడిగిందో పిల్ల.

"ఒకడొచ్చాడు," అంది ఫిద్దా, కాఫీ అందుకుంటూ. "మరుసటేడాది, పిల్లనడగడానికి. చెప్పరా, ఆయనెవరో."

"మా నాన్న," అన్నాడు తలపాగా వెనకనుంచి.

నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు మోకాళ్లమీద నెగడు దగ్గరికి జరిగారు. సువైలిమ్ ఒక కన్ను బయటపెట్టి వాళ్ల ముఖాలు చూశాడు. తలపాగా సర్దుకున్నాడు.

మరుసటి గురువారానికి కూడా దొంగలు ముగ్గురే ఉన్నారు. షమ్మా కాల్చిన రొట్టె మాత్రం ట్యాంకరు చక్రమంత అయింది.