మంట తెలియని రెండేళ్లు

మిరప పండించే ఊళ్లలో ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా చేసే తప్పు ఒకటుంది. కల్లంలో ఎండుకాయలు ఏరుతూ ఏరుతూ, చేతులు కడుక్కోకుండా చాటుకు వెళ్లి ఒంటేలు పోసుకుని రావడం. ఆ తర్వాత ఏం జరుగుతుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. మనిషి నిలబడలేడు, కూర్చోలేడు, ఎవరికీ చెప్పుకోలేడు. కాయలు ఏరే ఆడవాళ్లు వాడి నడక చూసే కనిపెట్టేసి, ముఖానికి కట్టుకున్న గుడ్డల చాటున నవ్వుతారు. మా పెద్దమ్మ అయితే నవ్వడంతో ఆగేది కాదు. "మజ్జిగ ఇంటికాడ ఉంది, పోరా నాయనా" అనేది, తలెత్తకుండా, చేతిలో పని ఆపకుండా.

నేను ఆ తప్పు చాలాసార్లు చేశాను. డిగ్రీ చదివి మిరప వేసినవాణ్ణి కాబట్టి అందరికంటే ఎక్కువసార్లే చేశాను. ఇప్పుడు ఆ మంట గురించే రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి, నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే.

నా భార్య మా మేనమామ కూతురు. వాళ్లది శావల్యాపురం పక్క, మాది ఈపూరు పక్క. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనేది, పెళ్లయ్యాకా అదే పిలుపు. మా పెళ్లి మాఘమాసంలో పెట్టారు. మాఘమంటే కోతలు నడిమధ్యలో ఉంటాయి. బుద్ధున్నవాడెవడూ మిరప రైతుకు ఆ నెలలో పెళ్లి చేయడు. పెళ్లైన మూడో రోజే నేను కల్లానికి వెళ్లాను, సాయంత్రం వచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు రుద్దుకున్నాను, లోపలికి వెళ్లి ఎంతో ప్రేమగా ఆమె చెంప మీద చెయ్యి వేశాను. మిరప ఘాటు సబ్బుకు పోదని నాకు తెలుసు. తెలిసీ మరిచాను. రెండు నిమిషాలకు కొత్త పెళ్లికూతురు కళ్లు నలుపుకుంటూ, ఏడుస్తూ వసారాలోకి వచ్చింది. నేను కొట్టాననే మా అమ్మ అనుకుంది. ఆమె నోరు తెరిచి "కొట్టలా అత్తా, ముట్టుకున్నాడు" అన్నాక ఇల్లంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాటి నుంచి నా చేతుల బాధ్యత ఆమె తీసుకుంది. ముందు వేరుశనగ నూనె, మోచేతుల దాకా. తర్వాత శనగపిండితో నలుగు. ఆ తర్వాత పుల్లమజ్జిగ, చివర్లో సబ్బు. పెరట్లో రాయి మీద కూర్చోబెట్టి, ఒక్కో వేలి సందూ వదలకుండా రుద్దేది. రుద్దుతున్నంతసేపూ తిడుతూనే ఉండేది, గోళ్లు ఎందుకు పెంచావని, కాయలు అంతలా పిసకడం ఎందుకని. అంతా అయ్యాక నా చూపుడు వేలు తన పెదవికి ఆనించుకుని చూసేది. ఇంకా ఉందనిపిస్తే చెయ్యి విసిరేసి లేచిపోయేది. లేదనిపిస్తే "పోయింది" అనేది, అంతే, ఒక్క మాట, నా వైపు చూడకుండా. నేను చాలా పుస్తకాలు చదివాను. అంత సిగ్గులేని పిలుపు వాటిలో ఎక్కడా తగల్లేదు.

కోతలు అయ్యేదాకా మొగుడూ పెళ్లాలు విడిగా పడుకోవాలని పెద్దమ్మ మా ఇద్దరికీ మొహమాటం లేకుండా చెప్పేది. మేం ఒక్క ఏడు కూడా ఆ మాట వినలేదు. పదిహేనేళ్ల పాటు ఆ పెరటి రాయి మీద కూర్చుని నేను పొందిన సుఖం ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు ఝల్లుమంటుంది. ఒళ్లు ఝల్లుమంటుందని మళ్లీ రాయగలుగుతున్నాను, అది చిన్న సంగతి కాదు.

నల్లతామర పురుగు వచ్చిన ఏడు మా చేను పూతలోనే మాడిపోయింది. ఊరంతా పోయింది, నా ఒక్కడిదే కాదు. కానీ అందరూ తిట్టుకుని, ఏడ్చి, తర్వాత పనిలో పడ్డారు. నేను పడలేకపోయాను. గట్టు మీద కూర్చుంటే సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవాణ్ణి. అన్నం మట్టిలా ఉండేది. నిద్ర లేదు. పిలిస్తే పలకడానికి కూడా ఓపిక లేదు. చివరికి నా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, బండి మీద ఎక్కించుకుని నరసరావుపేటలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మాత్రలు రాశాడు. రెండు నెలలకు అన్నం రుచి తెలిసింది. మూడో నెలకు ఎవరో ఏదో అంటే నవ్వాను, ఆ నవ్వుకు మా అమ్మ ఏడ్చింది. ఆ మాత్రలు నన్ను బతికించాయి. ఈ మాట ముందే రాస్తున్నాను. తర్వాత రాసేది చదివి ఎవరైనా తమ మాత్రలు ఎత్తి కాలవలో పారేస్తే ఆ పాపం నాకొద్దు.

మాత్రలు వేసుకుంటున్నప్పుడే ఆ కోరిక తగ్గింది. డాక్టరును అడిగితే, చాలామందికి అలాగే ఉంటుందని, మానేశాక సర్దుకుంటుందని చెప్పాడు. సరే, ప్రాణం నిలిచింది, అదే పదివేలు అనుకున్నాను. ఏడాదిన్నర తర్వాత ఆయనే కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించాడు. మనసు బాగానే ఉంది. చేలో పని చేస్తున్నాను, ఆకలి వేస్తోంది, కోపం కూడా మునుపటిలాగే వస్తోంది. అది ఒక్కటి రాలేదు. నెల, రెండు నెలలు, ఆరు నెలలు. శరీరంలో ఆ భాగం నాది కాదన్నట్టు ఉండేది. మోచేతిని ముట్టుకున్నట్టు, అంతే. నా భార్య తల దువ్వుకుంటుంటే అందంగా ఉందని తెలిసేది. తెలిసేదే తప్ప, లోపల ఏదీ కదిలేది కాదు.

వయసు అనుకున్నాను. అలసట అనుకున్నాను. ఆ ఏటి కోతల్లో ఒక మధ్యాహ్నం అలవాటు ప్రకారం ఆ తప్పు మళ్లీ చేశాను. చేశాక గుర్తొచ్చి, పళ్లు బిగించుకుని నిలబడ్డాను. మంట రాలేదు. కాసేపు ఆగాను. అయినా రాలేదు. తిన్నగా నడుచుకుంటూ కల్లంలోకి వచ్చి కూర్చున్నాను. పెద్దమ్మ ఎగాదిగా చూసి, "ఏందిరా, ఈ ఏడు బుద్ధొచ్చిందా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం, సిగ్గు విడిచి రాస్తున్నాను, ఒక ఎండుకాయ నలిపి మరీ చూసుకున్నాను. ఎక్కడో దూరంగా కాస్త వెచ్చదనం, అంతే. బాత్రూమ్ గోడకు తల ఆనించి ఏడ్చాను. మంట పుట్టనందుకు ఏడ్చిన మిరప రైతు పల్నాడు మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

భార్యకు చెప్పలేదు. చెప్పడానికి మాట లేదు. గోడల మీద రాసి ఉంటాయి చూశారూ, నెలలో రెండో మంగళవారం ఫలానా ఊరు లాడ్జిలో దొరుకుతాం, దాంపత్య సమస్యలకు గ్యారంటీ వైద్యం అని, అలాంటిదొకటి చూసి నరసరావుపేట వెళ్లాను. మేడ మెట్లు ఎక్కి చూస్తే బెంచీ మీద మా బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.

"ఏంది బావా ఇట్టా వచ్చావు" అన్నాడు.

"చుట్టాలొస్తన్నారు, రూం చూద్దామని" అన్నాను.

"నేనూ అందుకే" అన్నాడు.

ఇద్దరం కలిసి మెట్లు దిగి, టీ తాగి, బోరు మోటారు రిపేరు గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ మాట ఇప్పటిదాకా మా మధ్య మళ్లీ రాలేదు. వాడికొచ్చిన కష్టం ఏమిటో నేను అడగలేదు, పాపం.

తర్వాత నా పాత డాక్టరు దగ్గరికే పోతే, మందు మానేసి ఇన్నాళ్లయ్యాక మందుకేం సంబంధం, అంతా నీ ఊహ అన్నాడు. కుర్చీ వెనక్కి తోసి లేచి వచ్చేశాను. ఊహ అయితే మిరపకాయకు తెలియదా? గుంటూరులో ఒక లేడీ డాక్టరు మాత్రం నేను చెప్పిందంతా, ఆ కాయ సంగతితో సహా, నవ్వకుండా రాసుకుంది. కొంతమందికి మానేశాక కూడా ఇలా మిగిలిపోతుందని, అది కల్పన కాదని, దీనికి ఖాయమైన మందు ఇంకా లేదని చెప్పింది. కొందరికి నెమ్మదిగా తగ్గుతుంది, ఎన్నాళ్లకని చెప్పలేను, కనబడ్డ ప్రతి మందూ మింగకండి, మనసు మళ్లీ కుంగితే ఆలస్యం చేయకుండా రండి అంది. చివర్లో, "ఇంట్లో చెప్పారా?" అని అడిగింది.

"ఆమె అర్థం చేసుకుంటుంది మేడమ్" అన్నాను.

"చెప్పారా అని అడిగాను" అంది.

చెప్పలేదు. ఏం చేశానో చెబుతాను. కల్లం కాపలా వంకతో అక్కడే మంచం వేసుకున్నాను. కాయలు ఉన్నన్ని రోజులూ సరే. అవి కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయాక కూడా, మోటారు కాపలా అని, కాయలు ఆరబోసే పట్టాలు ఎత్తుకుపోతారని, ఏదో ఒకటి చెప్పి ఖాళీ కల్లంలో పడుకున్నాను. ఆమె క్యారేజీ తెచ్చి ఇచ్చేది, నేను తినేదాకా కూర్చునేది, గిన్నెలు తీసుకుని వెళ్లిపోయేది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అడగనందుకు నేను ఎంత సంతోషించానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ ఎండాకాలం ఆమె రోజుకు రెండుసార్లు తలంటు పోసుకోవడం గమనించాను. ఉక్కపోత ఎక్కువగా ఉందేమో అనుకున్నాను.

మాత్రలు మానేసి రెండో ఏడు దాటాక ఏదో కదలడం మొదలైంది. ఒకరోజు వినుకొండ పోతుంటే బండి వెనక కూర్చున్న ఆమె గాజుల చెయ్యి నా నడుం మీద పడింది, ఆ చోటు ఊరు వచ్చేదాకా నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత ఇరవై రోజులు ఏమీ లేదు. మళ్లీ ఒక ఉదయం కాస్త. ఇప్పటికీ పూర్తిగా వచ్చిందని రాయలేను. వస్తుంది, పోతుంది.

ఈ మాఘంలో, మిట్టమధ్యాహ్నం, కల్లంలో నేనూ నా భార్యా ఇద్దరమే రంగు పోయిన తాలుకాయలు వేరుచేస్తున్నాం. కూలివాళ్లు అన్నాలకు వెళ్లారు. నేను చాటుకు వెళ్లి వచ్చాను. నాలుగు అడుగులు వేసేసరికి పట్టుకుంది. మామూలు మంట కాదు, ప్రాణం తోడేసే మంట. మోటారు షెడ్డు వెనక్కి పరిగెత్తి నీళ్లకుండీ పట్టుకుని వంగిపోయాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఆగడం లేదు. క్యారేజీలోని మజ్జిగ చెంబు పట్టుకుని ఆమె వచ్చింది.

"ఏడుస్తావేంది బావా, కొత్తా నీకు?" అంది.

కొత్తేనే అన్నాను. అక్కడే, ఆ నీళ్లకుండీ దగ్గర, మొత్తం చెప్పేశాను. మాత్రలు, మొద్దుబారడం, లాడ్జి, గుంటూరు డాక్టరు, ఖాళీ కల్లం. వాళ్ల తమ్ముడి సంగతి మాత్రం దాచాను. చెబుతున్నంతసేపూ నాకు లోపల పండగలా ఉంది. ఇంత మంచి కబురు విని ఆమె కూడా నవ్వుతుందని ఎదురుచూస్తున్నాను. ఆమె నవ్వలేదు. చెంబు గట్టు మీద పెట్టి, నేల మీద కూర్చుంది.

"రెండేళ్లా?" అంది.

"రెండేళ్లు."

"పోయినేడు కాయంతా స్టోరేజీకి పోయినాక కూడా ఈడనే పండుకుంటన్నావు గదా. ఒకనాడు తెల్లారగట్ల వచ్చా. నీకు తెలీదు. ఎవరో ఒకతి ఉంటదనే వచ్చా. చెప్పు చేతిలో పట్టుకునే వచ్చా."

నేను ఏదో అనబోయాను. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"ఎవరూ లేరు. నువ్వొక్కడివే ముడుచుకోని పండుకోనున్నావు. ఎవరన్నా ఉంటే బాగుండేది బావా. ఉంటే దాన్ని తిట్టేదాన్ని, నిన్ను తన్నేదాన్ని, అయిపోయేది. ఎవరూ లేకపాయె. అట్టయితే నాలోనే ఏదో ఉందనుకున్నా. ఒళ్లు వాసనొస్తందేమోనని రెండు పూట్లా పోసుకునేదాన్ని. అద్దంలో చూసుకునేదాన్ని. ఎవర్ని అడగను? అమ్మనా?"

మంట ఇంకా ఉంది. అది ఉన్న సంగతే మరిచిపోయాను. నన్ను బామ్మర్ది బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు, డాక్టర్లు చూశారు, ఒకావిడ కాగితం మీద రాసుకుంది కూడా. ఈమె మాత్రం రెండేళ్లు అద్దం ముందు ఒక్కతే నిలబడింది. నేను కిలోమీటరు దూరంలో ఖాళీ కల్లంలో పడుకుని ఉన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండకు, మిరప దుమ్ముకు ముఖమంతా ఎర్రగా ఉంది. చిన్నప్పుడు వాళ్ల ఇంటికి వెళ్తే తలుపు చాటు నుంచి చూసినట్టు, కళ్లు సగమే ఎత్తి చూసింది.

"అయితే నేను బాగానే ఉన్నానా బావా?" అంది.

"బాగున్నావే" అన్నాను. మాట బదులు గాలి మాత్రమే వచ్చింది.

"వినపళ్లా. మళ్లా చెప్పు" అంది.